క్రొత్త కెమేరా ఫైళ్లు – పాత సాఫ్ట్‌వేరు

ఈ యేడు మన వార్షిక పత్రికకు ఏమి వ్రాయుదునా యని యోచించుచుండగా, గడచిన వార్షికోత్సవము తరువాత మన పాఠశాలకు కలిగిన ఒక చిక్కు జ్ఞప్తికి వచ్చినది. అది తలిదండ్రులలో పెక్కుమందికి తమ యిండ్లలోను కలుగగల చిక్కే. పెండ్లి ఫోటోలు గాని, పట్టణమునుండి వచ్చిన మేనల్లుడు క్రొత్త కెమేరాతో తీసిన ఫోటోలు గాని పెన్ డ్రైవులో ఇంటికి వచ్చును. ఇంటిలోని పాత కంప్యూటరులో అవి తెఱచుకొనవు. అట్టి వేళ ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. నేను ఈ విద్యలో పండితుడను కాను. చిక్కులో పడి, మన పూర్వ విద్యార్థి యొకని ప్రక్కన కూర్చుండి నేర్చుకొన్నదానినే మీకు చెప్పుచున్నాను.

నాటి ఉత్సవమునకు, మన పాఠశాలలో బహుకాలము తెలుగు బోధించి విరమించిన పెద్ద మాస్టారుగారు, నడువలేని స్థితిలో నున్నను, ఇద్దఱి భుజములు పట్టుకొని వచ్చిరి. పదవ తరగతి పిల్లల నడుమ వారిని కూర్చుండబెట్టి, ఆ పూర్వ విద్యార్థి తన క్రొత్త కెమేరాతో ఫోటోలు తీసెను. రెండు వందలకు పైగా ఫైళ్లను పెన్ డ్రైవులో నా చేతికిచ్చి, ఆ రాత్రియే తన యుద్యోగపుటూరికి వెడలిపోయెను. మఱునాడు కార్యాలయములోని కంప్యూటరులో, మేము ఏండ్ల తరబడి వాడుచున్న ఫోటోషాప్ సి.ఎస్.6లో, వానిని తెఱవబోతిమి. ఈ కెమేరా తనకు తెలియనిదని చెప్పి ఆ సాఫ్ట్‌వేరు నిరాకరించెను. అట్టి ఫైళ్లను 'రా' ఫైళ్లందురు. పేరులో 'రా' యున్నను, ఎన్నిసారులు పిలిచినను ఒక్కటియు రాలేదు.

ఫైళ్లు చెడిపోయినవని ఒకరనిరి. కంప్యూటరే మార్చవలెనని మఱొకరనిరి. క్రొత్త సాఫ్ట్‌వేరునకు ఏటేట చందా కట్టవలెనని ఇంకొకరనిరి. నేనును విసిగి, ఆ పెన్ డ్రైవును ఖాళీచేసి వేఱు పనికి వాడుకొమ్మని గుమస్తాగారితో నంటిని. పరీక్షల పనిలో పడి వారా మాట మఱచుటచేత ఆ ఫైళ్లు బ్రదికినవి. రెండు నెలలకు పెద్ద మాస్టారుగారు స్వర్గస్థులైరి. వారి కుమార్తె బడికి వచ్చి, "నాన్నగారి పటము కట్టించుటకు ఈ నడుమ తీసిన ఫోటో మావద్ద ఒక్కటియు లేదండీ. వార్షికోత్సవమునాడు తీసినారట గదా" యని అడిగిరి. నాకు నోట మాట రాలేదు. ఆ సాయంకాలమే పూర్వ విద్యార్థికి ఫోను చేసితిని. అతడు ఆదివారమునాడు వచ్చి, గంటలోపల చిక్కు విప్పెను. ఖర్చు ఒక్క రూపాయియు కాలేదు.

'రా' ఫైలనగా నేమి?

'రా' యన్నది ఇంగ్లీషు మాట; పచ్చిది, వండనిది యని అర్థము. కెమేరాలో లెన్సు వెనుక సెన్సారను పలక యుండును. దానిమీద లెక్కకు మించిన సూక్ష్మమైన గుంటలు వరుసలు తీరి యుండును. ఒక్కొక్క గుంట తనపై పడిన వెలుతురు ఎంతయో కొలుచునే గాని, ఆ వెలుతురు ఏ రంగుదో యెఱుగదు. అందుచేత ప్రతి గుంటమీదను ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడింటిలో ఏదో యొక రంగు పొరను అమర్చుదురు. ఈ అమరికను రూపొందించినవాడు కోడక్ సంస్థలోని బ్రైస్ బేయర్. దీనికి 1976లో అమెరికాలో పేటెంటు లభించెను. నేటికిని చాలా కెమేరాలలో ఇదియే వాడుకలో నున్నది. గుంటలలో సగము ఆకుపచ్చవి, పావు ఎఱ్ఱవి, పావు నీలపువి. మన కన్ను ఆకుపచ్చ వెలుతురులో సూక్ష్మభేదములను ఎక్కువగా గుర్తించును గనుక ఆ రంగునకు పెద్దవాటా దక్కినది. 2 కోట్ల 40 లక్షల గుంటలున్న కెమేరాలో 1 కోటి 20 లక్షలు ఆకుపచ్చను, 60 లక్షలు ఎఱుపును, 60 లక్షలు నీలమును కొలుచునని లెక్క.

ఈ కొలతలు ఇంకను చిత్రము కావు. ప్రతి చుక్కకును లోపించిన రెండు రంగులను ఇరుగుపొరుగు గుంటలనుబట్టి పూరింపవలెను. ట్యూబులైటు వెలుతురో, ఎండ వెలుతురో చూచి తెలుపును తెలుపుగా నిలుపవలెను. వెలుగునీడలను సరిచేయవలెను. ఈ పనులన్నియు కెమేరాయే చేసి, కంటికి అంతగా తెలియని వివరములను విడిచి, చిన్నదిగా మడిచి యిచ్చు ఫైలు జేపెగ్. దీని ప్రమాణము 1992లో వెలువడినది. అందుచేతనే ఎంత పాత కంప్యూటరైనను, ఎంత చవుక ఫోనైనను జేపెగ్‌ను తెఱచును. పై పనులేవియు చేయక, గుంటల కొలతలను ఉన్నవున్నట్లు దాచి యిచ్చు ఫైలు 'రా'. జేపెగ్ వండి వడ్డించిన అన్నము. 'రా' గాదెలోని ధాన్యము. అన్నము వెంటనే తినవచ్చును గాని మరల ధాన్యము కాదు. ధాన్యమును దంచుకొనవలెను, వండుకొనవలెను. కాని దానితో కావలసిన వంట చేసికొనవచ్చును.

ఇంత శ్రమ యెందులకని మీరడుగవచ్చును. సాధారణమైన జేపెగ్‌లో ఒక్కొక్క రంగునకు చీకటినుండి వెలుగువఱకు 256 మెట్లుండును. 'రా' ఫైలులో, కెమేరానుబట్టి, 4,096 మెట్లుగాని 16,384 మెట్లుగాని యుండును. చెట్టునీడలో నిలుచున్న పిల్లవాని ముఖము నల్లగా పడినదనుకొనుడు. జేపెగ్‌లో దానిని వెలిగింపబోయిన మచ్చలు మచ్చలుగా తేలును. 'రా'లో ఆ నీడలోపల దాగిన కన్నులు, బొట్టు, చిఱునవ్వు చాలవఱకు బయటికి తీయవచ్చును. పెండ్లి ఫోటోలు తీయువారు 'రా' నెన్నుకొనుటకు కారణమిదియే.

పాత సాఫ్ట్‌వేరు ఏల తెఱవదు?

మన యిండ్లలో కొందఱు పెద్దలు మాటలాడునది తెలుగే గాని, ఉత్తరము వ్రాసినపుడు తమిళ అక్షరములలో వ్రాయుదురు. తెలుగు లిపి మాత్రమే వచ్చినవారి చేతికి ఆ యుత్తరమిచ్చిన చదువలేరు. ఉత్తరము చెడిపోలేదు, భాషయు క్రొత్తది కాదు. లిపి మాత్రమే వారికి తెలియదు. 'రా' ఫైళ్ల సంగతియు నట్టిదే. ప్రతి కంపెనీకిని తనదైన లిపి యొకటి కలదు. నికాన్‌వారిది ఎన్.ఇ.ఎఫ్., సోనీవారిది ఎ.ఆర్.డబ్ల్యు. కేనన్‌వారు చాలాకాలము సి.ఆర్.2ను వాడి, 2018లో వచ్చిన ఇ.ఓ.ఎస్. ఎం50 కెమేరాతో సి.ఆర్.3ను ప్రవేశపెట్టిరి. ఫైలు పేరు చివరి అక్షరములు మాఱకున్నను, లోపలి సంగతులు మోడలు మోడలునకును మాఱుచుండును. ఏ సెన్సారు ఏ రంగును ఎట్లు చూచునో తెలిపెడి లెక్క ప్రతి క్రొత్త కెమేరాకును వేఱుగా తయారుచేయవలెను.

అడోబి సంస్థవారు ఫోటోషాప్ కొఱకు ఈ పని చేయు 'కెమేరా రా' అను అనుబంధమును 2003లో విడుదల చేసిరి. క్రొత్త కెమేరాలు వచ్చినకొలది దానిని సవరించి, క్రొత్త సంఖ్య వేసి యిచ్చుచుందురు. ఐతే ఒక్కొక్క ఫోటోషాప్ ఒక్కొక్క సంఖ్యవద్ద ఆగిపోవును. సి.ఎస్.3 ఆగినది 4.6 వద్ద, సి.ఎస్.4 ఆగినది 5.7 వద్ద, సి.ఎస్.5 ఆగినది 6.7 వద్ద. 2012లో వచ్చిన సి.ఎస్.6 ఆగినది 2015లో వెలువడిన 9.1.1 వద్ద. క్రొత్త ఫోటోషాప్‌లను ఇకమీదట చందా పద్ధతిపైననే యిత్తుమని ఆ సంస్థ 2013లో ప్రకటించెను. ఒకసారి వెలకు కొన్న లైట్‌రూమ్ 6నకు 2017 డిసెంబరులో వచ్చిన 6.14 కడపటిది. కావున 2015 తరువాత పుట్టిన కెమేరాను మా సి.ఎస్.6 ఎఱుగకపోవుట వింతగాదు. అది తన కాలపు పనిని నేటికిని చక్కగా చేయుచున్నది. తాను చదువు ముగించిన తరువాత వచ్చిన పాఠము మాత్రము దానికి రాదు.

ఇక్కడ ఒక సందేహము కలుగును. "ఫోల్డరులో చిన్న బొమ్మ కనబడుచున్నదే, అట్లైన ఫైలు తెఱచుకొన్నట్లే గదా?" యని మా గుమస్తాగారు అడిగిరి. చాలా 'రా' ఫైళ్లలో, చూచుకొనుటకై కెమేరా తయారుచేసిన చిన్న జేపెగ్ బొమ్మ యొకటి లోపల ఇమిడి యుండును. కంప్యూటరు చూపునది ఆ బొమ్మనే. గ్రంథము అట్టమీది బొమ్మను చూచుట వేఱు, గ్రంథమును చదువుట వేఱు.

చేయరాని పనులు

మొదటిది, ఫైళ్లు తెఱచుకొనలేదని తుడిచివేయరాదు. నేను చేయబోయిన తప్పిదము మీరు చేయకుడు. రెండవది, ఫైలు పేరు చివర నున్న అక్షరములను తీసి జేపెగ్ అని వ్రాసినంతమాత్రమున అది జేపెగ్ కాదు. సంచిమీది చీటీ మార్చినంతనే లోపలి ధాన్యము అన్నమగునా? మూడవది, పిల్లల ఫోటోలను, ఇంటి ఆడపడుచుల ఫోటోలను, ఊరుపేరు తెలియని వెబ్‌సైటులకు పంపి మార్పించుకొనరాదు. అవి ఎవరి చేతబడునో మనకు తెలియదు. నాలుగవది, ఎవరో చెప్పిరని వెంటనే క్రొత్త కంప్యూటరునకు అప్పు చేయరాదు.

చేయదగిన పనులు

అన్నిటికంటె సులభమైనది, ఫోటో తీసినవారినే జేపెగ్ అడుగుట. చాలా కెమేరాలలో 'రా'ను, జేపెగ్‌ను ఒక్కసారిగా దాచు ఏర్పాటున్నది. ఉత్సవమునకు ముందే ఆ మాట చెప్పిన చిక్కే రాదు. తీసిన పిమ్మటనైనను, కార్డులో 'రా' ఫైలున్నయెడల కెమేరాలోనే దానిని జేపెగ్‌గా మార్చుకొను వీలు పెక్కు మోడళ్లలో కలదు.

రెండవ దారి, కెమేరా చేసిన కంపెనీవారు ఉచితముగా నిచ్చు సాఫ్ట్‌వేరును వాడుట. కేనన్‌వారిది డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్. నికాన్‌వారిది 2021లో వచ్చిన ఎన్.ఎక్స్. స్టూడియో. సోనీవారిది ఇమేజింగ్ ఎడ్జ్. తమ కెమేరా లిపి తమకు తెలియును గదా! అందు రంగులు సరిచూచుకొని టిఫ్ అను ఫైలుగా దాచినచో పాత ఫోటోషాప్ దానిని తెఱచును. ఐతే టిఫ్ భారీ ఫైలు. 2 కోట్ల 40 లక్షల చుక్కల చిత్రము, రంగునకు 16 బిట్ల చొప్పున, మడవక దాచినచో 144 మెగాబైట్లగును. రెండు వందల ఫోటోలకు పాత కంప్యూటరు ఆయాసపడును.

మూడవది, మేమనుసరించిన దారి. అడోబివారే 2004లో డి.ఎన్.జి. అను నొక ఉమ్మడి లిపిని ప్రకటించిరి. దాని నియమములు బహిరంగము, ఎవరైనను వాడుకొనవచ్చును. చాలా కెమేరాల 'రా' ఫైళ్లను ఈ లిపిలోనికి తిరుగవ్రాయు 'డి.ఎన్.జి. కన్వర్టరు' అను చిన్న సాఫ్ట్‌వేరును ఆ సంస్థ ఉచితముగా నిచ్చుచున్నది. క్రొత్త కెమేరాలు వచ్చినపుడెల్ల దీనిని సవరించుచుందురు. ఈ కన్వర్టరు గుంటల కొలతలను సాధారణముగా నష్టములేకుండ డి.ఎన్.జి.లోనికి మార్చి, ఆ కెమేరా రంగుల లెక్కను కూడ అందులోనే చేర్చును. అందుచేత ఆ కెమేరా పేరైనను వినని పాత ఫోటోషాప్ సైతము దానిని చదువగలుగును. ఇది ధాన్యమును ఒక గాదెనుండి మఱొక గాదెకు పోయుట వంటిది. ధాన్యము ధాన్యముగనే యుండును.

పని క్రమమిది. మొదట మీ సాఫ్ట్‌వేరులోని 'కెమేరా రా' సంఖ్యను తెలిసికొనుడు. విండోస్ కంప్యూటరులోని ఫోటోషాప్‌లో 'హెల్ప్' అను చోట, 'అబౌట్ ప్లగ్-ఇన్' క్రింద అది కనబడును. తరువాత 'రా' ఫైళ్లన్నిటిని ఒక ఫోల్డరులో నుంచి, కన్వర్టరును తెఱచి, ఆ ఫోల్డరును చూపుడు. ఇచ్చట చాలామంది మోసపోవుదురు. ఫోల్డరు లోపలికి పోయి చూచిన ఫైళ్లు కనబడక, ఖాళీగా నున్నట్లు తోచును. ఏలయన, కన్వర్టరు అడుగునది ఫోల్డరునే గాని ఒక్కొక్క ఫైలును కాదు. లోపలికి పోక, ఫోల్డరునే యెన్నుకొన్న చాలును. మార్చిన ఫైళ్లను దాచుటకు వేఱొక ఫోల్డరును చూపుడు.

ఇక ముఖ్యమైన మెట్టు. అందులో 'ప్రిఫరెన్సెస్' అనుచోట 'కంపాటిబిలిటీ' అను వరుస యుండును. మీ 'కెమేరా రా' సంఖ్యకు సమానమైనదిగాని, తక్కువదిగాని యగు సంఖ్యనే యెన్నుకొనవలెను. సి.ఎస్.6 కలవారు సవరణలు వేసికొనియున్నయెడల 7.1 అను దానిని, పూర్తిగా సవరించిన సి.ఎస్.5 కలవారు 6.6ను, సి.ఎస్.4 చివరి సవరణ కలవారు 5.4ను ఎన్నుకొనవచ్చును. అంతకంటె పెద్ద సంఖ్య నెన్నుకొన్నచో, మార్చిన ఫైలు సైతము తెఱచుకొనకపోవచ్చును. ఆ పిమ్మట 'కన్వర్ట్' అను మీట నొక్కి, పని ముగియువఱకు ఓపికపట్టుడు. మా ఫైళ్లు మాఱుచుండగా మేము కాఫీ త్రాగి వచ్చితిమి.

ఇచ్చట మఱొక చిక్కు రావచ్చును. కన్వర్టరుయొక్క ఇటీవలి రూపములు విండోస్ 7 వంటి పాత విండోస్‌లో నడువవు. మా కార్యాలయములో నట్లే జరిగినది. ఐనను కన్వర్టరునకు ఫోటోషాప్‌తో పనిలేదు. అది యొంటరిగా ఏ క్రొత్త కంప్యూటరులోనైనను నడుచును. పూర్వ విద్యార్థి తన లాప్‌టాపులో మార్చి, డి.ఎన్.జి. ఫైళ్లను పెన్ డ్రైవులో మా కంప్యూటరునకు తెచ్చెను. క్రొత్త కంప్యూటరును ఒక గంట యెరువడిగిన చాలును, కొననక్కఱలేదు.

నాలుగవ దారి, డార్క్‌టేబుల్, రా థెరపీ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులు. వీనికి వెలయు లేదు, చందాయు లేదు. వీని క్రొత్త రూపములు చాలా కెమేరాల ఫైళ్లను నేరుగా తెఱచును. గింప్ అను ఉచిత చిత్రసాఫ్ట్‌వేరు 2018లో వచ్చిన 2.10నుండి 'రా' ఫైళ్లను ఈ రెండింటిలో నొకదానికి అప్పగించి తెఱపించును. నేర్చుకొనుటకు కొంత కాలము పట్టును గాని, పై తరగతుల పిల్లలకు ఇది మంచి విద్య.

కొన్ని హెచ్చరికలు

డి.ఎన్.జి. చేసికొంటిమిగదా యని అసలు 'రా' ఫైళ్లను పాఱవేయకుడు. కేనన్, నికాన్ వారి సొంత సాఫ్ట్‌వేరులు మనము మార్చిన డి.ఎన్.జి.ని తెఱవవు, అసలు ఫైలు పోయినచో ఆ దారి మూసికొనిపోవును. తెఱచిన ఫోటో రంగులు కెమేరా వెనుక తెరమీద చూచిన రంగులవలె లేవని కంగారుపడవలదు. కెమేరా తన వంటకము చూపినది. మనము మన వంటకము చేసికొనవలెను. కొన్ని క్రొత్త ఫోనులు నేరుగా డి.ఎన్.జి. ఫైళ్లనే వ్రాయును. 2023లో వచ్చిన డి.ఎన్.జి. 1.7 నియమములలో క్రొత్త మడత పద్ధతి యొకటి చేరినది. అట్లు మడిచిన ఫైళ్లు, పేరు డి.ఎన్.జి. యైనను, పాత సాఫ్ట్‌వేరునకు అందవు. ఇక, సరిచేసిన ముఖ్యమైన ఫోటోలను జేపెగ్‌గా కూడ దాచి, రెండు వేఱువేఱు చోట్ల నుంచుడు. ఒక్క పెన్ డ్రైవును నమ్ముట ఒక్క గడియకు ఇల్లు అప్పగించుట వంటిది.

ఆ యాదివారము సాయంకాలము, నీడలో నున్న పెద్ద మాస్టారుగారి ముఖమును పూర్వ విద్యార్థి మెల్లమెల్లగా వెలుతురులోనికి తెచ్చెను. కండ్లజోడు వెనుక వారి చూపు, పైన కప్పుకొన్న శాలువ అంచు, ప్రక్కపిల్లవాని భుజముమీద వేసిన చేయి ఒక్కొక్కటిగా కనబడినవి. గుమస్తాగారు కన్నులు తుడుచుకొనిరి. నేను కిటికీవైపు తిరిగితిని. వారి కుమార్తెకు ఆ పటమును మఱునాడే పంపితిమి. ఈ సంచికలో ముద్రించిన పదవ తరగతి సమూహచిత్రము కూడ ఆ ఫైళ్లలోనిదే.

తలిదండ్రులారా, మీ యిండ్లలో తెఱచుకొనక పడియున్న పెన్ డ్రైవులు, కార్డులు ఉన్నయెడల తుడువకుడు. శనివారము బడి విడిచిన తరువాత మన కంప్యూటరు గదికి తెండు. పై తరగతి పిల్లలకు ఈ పని నేర్పియున్నాము. వారు తెఱచి యిత్తురు. అందులో ఎవరి ముఖము దాగియున్నదో తెఱచువఱకు మనకు తెలియదు.